పెట్టెలు, ప్రశ్నార్థకాలు, చెదిరిన గీతలు: డెస్క్‌టాప్ మీద తూర్పు ఆసియా లిపులు

జపనీస్‌లో రాసిన పత్రాన్నో, చైనీస్ పేరున్న ఫైలునో తెరిచినప్పుడు అసలు అక్షరాల చోట మరేదో కనిపించడం కంప్యూటరు వాడేవారిలో చాలామందికి అనుభవమే. కొన్నిసార్లు వరుసగా ఖాళీ పెట్టెలు వస్తాయి, కొన్నిసార్లు ప్రశ్నార్థకాలు వస్తాయి, ఇంకొన్నిసార్లు నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న లాటిన్ అక్షరాలు ఏ అర్థమూ లేకుండా బారులు తీరుతాయి. వీటన్నిటికన్నా పసిగట్టడం కష్టమైన స్థితి మరొకటి ఉంది. అక్షరాలు శుభ్రంగానే కనిపిస్తాయి గానీ, ఆ భాష చదివేవారి కంటికి వాటి రూపం ఎక్కడో తేడాగా తోస్తుంది. ఈ నాలుగింటినీ ఒకే గాట కట్టి "ఫాంటు సమస్య" అనడం అలవాటైపోయింది. నిజానికి ఫాంటు లేకపోవడం వల్ల వచ్చేవి పెట్టెలు మాత్రమే. తక్కినవాటి మూలాలు వేరు, వాటికి చేయవలసిన పనులు వేరు. ఒకదాని మందు మరొకదానికి వాడితే అప్పటిదాకా చెక్కుచెదరకుండా ఉన్న పాఠం శాశ్వతంగా చెడిపోయే ప్రమాదం కూడా ఉంది.

అక్షరం తెరమీదికి చేరేలోగా మూడు మజిలీలు దాటుతుంది. డిస్కులో ఉన్నది బైట్ల వరుస మాత్రమే. ఆ బైట్లు ఏ ఎన్‌కోడింగులో, అంటే అక్షరాలను బైట్లుగా రాసే ఏ పద్ధతిలో, ఉన్నాయో తెలుసుకుని, లేదా ఊహించి, ప్రోగ్రాము వాటిని అక్షర సంకేతాలుగా మార్చుకుంటుంది. ఆపైన ఆ సంకేతానికి బొమ్మ ఏ ఫాంటులో ఉందో వెతుకుతుంది. చివరగా, ఒకే సంకేతానికి ఒకటికి మించి రూపాలు ఉన్నప్పుడు ఏ దేశపు రూపాన్ని గీయాలో నిర్ణయిస్తుంది. తెరమీద కనిపించే లక్షణాన్ని బట్టి ఏ మజిలీలో దారి తప్పిందో చాలావరకు చెప్పవచ్చు. కాబట్టి సెట్టింగుల జోలికి వెళ్లేముందు ఆ లక్షణాన్ని నిదానంగా చదవడం అవసరం.

ఖాళీ పెట్టెలు కనిపించాయంటే అది నిజానికి మంచి వార్త. పాఠం క్షేమంగా ఉంది, ప్రోగ్రాము సంకేతాలను సరిగ్గానే గుర్తించింది, గీయడానికి బొమ్మ మాత్రమే దొరకలేదు. ఆ పెట్టెలను కాపీ చేసి, అవసరమైన ఫాంటులున్న మరో ప్రోగ్రాములో అతికిస్తే అసలు అక్షరాలు కనిపిస్తాయి. ఈ పెట్టెలకు వాడుకలో తోఫు (సోయా జున్ను ముక్క) అనే పేరుంది. 2014లో గూగుల్, అడోబీ సంస్థలు కలిసి తయారుచేసిన ఉమ్మడి తూర్పు ఆసియా ఫాంటును గూగుల్ తన నోటో ఫాంటుల కుటుంబంలో విడుదల చేసింది. "తోఫు ఇక వద్దు" అనే అర్థంలోనే ఆ కుటుంబానికి నోటో అని పేరు పెట్టారు. లినక్సులో ఆ ఫాంటుల ప్యాకేజీని స్థాపిస్తే ఈ తరహా సమస్య దాదాపుగా తీరిపోతుంది. విండోస్ 10, ఆపై రూపాల్లో జపనీస్, కొరియన్, చైనీస్ అదనపు ఫాంటులను ఐచ్ఛిక సౌకర్యాల జాబితా నుంచి విడిగా చేర్చుకోవాలి. చాలా ప్రోగ్రాములు ఫాంటుల జాబితాను మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతాయి గనుక, ఫాంటు పెట్టాక ప్రోగ్రామును మూసి మళ్లీ తెరవడం మరచిపోకూడదు.

ఇంతకూ అన్ని అక్షరాలూ ఉన్న ఒకే ఫాంటును ఎవరూ ఎందుకు తయారుచేయలేదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఓపెన్‌టైప్ ఫాంటు నిర్మాణం ప్రకారం ఒక ఫాంటులో 65,535కు మించి బొమ్మలు పట్టవు. ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఇప్పటికి చేరిన చైనా మూలపు అక్షరాలే, అంటే హాన్ అక్షరాలే, లక్ష దాటాయి. నోటో ఉమ్మడి ఫాంటు ఆ పరిమితిని చివరి స్థానం వరకూ వాడుకున్నా, అరుదైన అక్షరాల్లో అత్యధిక భాగం బయటే ఉండిపోయాయి. తెలుగువంటి లిపుల్లో మూలాక్షరాలు కొద్దివే, వాటిని గుణింతాలుగా, ఒత్తులుగా కూర్చడమే కష్టం. హాన్ అక్షరాల విషయంలో కూర్పు చాలావరకు తేలిక, సంఖ్యే కొండంత. అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ఫాంటులో అక్షరం దొరకకపోతే మరో ఫాంటులో, అక్కడా లేకపోతే ఇంకొకదానిలో వెతుకుతూ పోతుంది. ఈ వరుస ఎలా ఉందన్నదే చాలా చిక్కులకు కీలకం. జపనీస్ ఫాంటు ఒకటే ముందున్న వ్యవస్థలో సరళీకృత చైనీస్ వాక్యాన్ని చూస్తే, రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న అక్షరాలు ఆ జపనీస్ ఫాంటు నుంచి, మిగిలినవి మరో ఫాంటు నుంచి వచ్చి, ఒకే వాక్యంలో కొన్ని అక్షరాలు బొద్దుగా, కొన్ని సన్నగా కనిపిస్తాయి. చదవడానికి వీలవుతుంది కాబట్టి దీన్ని ఎవరూ లోపంగా నమోదు చేయరు, కాని రోజంతా ఆ తెర ముందు కూర్చునే పాఠకుడికి అది నిత్యం కంట్లో నలుసే.

అర్థంలేని అక్షరాల బారు కనిపించినప్పుడు కథ వేరు. జపనీయులు దీన్ని మోజిబాకే అంటారు, అక్షరాలు మరో రూపంలోకి మారిపోవడమని దాని భావం. ఇక్కడ తప్పు మొదటి మజిలీలోనే జరిగింది: బైట్లను రాసినవారి పద్ధతి ఒకటి, చదివినవారి పద్ధతి మరొకటి. దీని వేళ్లు యూనికోడ్ పుట్టకముందు కాలంలో ఉన్నాయి. జపాన్ 1978లో 6,349 కాంజీలతో, అంటే జపనీస్‌లో వాడే హాన్ అక్షరాలతో, తన ప్రమాణాన్ని ప్రకటించింది. చైనా 1980లో 6,763 హాన్ అక్షరాలతో జీబీ 2312ను తెచ్చింది. తైవాన్‌లో 1984లో 13 వేల పైచిలుకు సంప్రదాయ అక్షరాలతో బిగ్5 వచ్చింది. కొరియా 1987 ప్రమాణంలో 2,350 హంగుల్ (కొరియన్ లిపి) అక్షరాలు, 4,888 హాంజాలు (కొరియన్‌లో వాడే హాన్ అక్షరాలు) చేరాయి. ఎవరి అవసరానికి వారు రెండేసి బైట్లతో అక్షరాలకు స్థానాలు కేటాయించుకున్నారు. అందువల్ల ఒకే రెండు బైట్లు జపాన్‌లో ఒక అక్షరం, చైనాలో మరొకటి, కొరియాలో ఇంకొకటి అయ్యాయి. ఫైలులో మాత్రం తాను ఎవరి లెక్క ప్రకారం రాసినదో చెప్పే గుర్తు ఏదీ లేదు.

ఈ చెదిరిన పాఠం చూడటానికి అర్థంలేనిదే అయినా, జాగ్రత్తగా చూస్తే తన మూలాన్ని తానే చెబుతుంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో ఉన్న పాఠాన్ని పశ్చిమ యూరపు కోడ్ పేజీతో, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పాత పట్టికతో, చదివితే, జపనీస్ ధ్వనుల లిపి అయిన కానా అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కాబట్టి, నెత్తిన అలలాంటి గీత ఉన్న లాటిన్ 'ఏ' అక్షరం ప్రతి మూడో చోటా తిరిగి వస్తుంది. హంగుల్ పాఠమైతే దాని బదులు టోపీ గుర్తో, రెండు చుక్కలో ఉన్న 'ఈ'లు, వాలుగీత ఉన్న 'ఐ'లు పదేపదే కనిపిస్తాయి. అదే యూటీఎఫ్-8 జపనీస్ పాఠాన్ని పాత జపనీస్ పద్ధతి షిఫ్ట్-జిస్‌తో చదివితే, కానాలో ఒక రకమైన హిరగానా ఉన్న చోట్ల "చిక్కుపడటం" అనే అర్థమున్న ఒక అరుదైన కాంజీ మళ్లీ మళ్లీ వస్తుంది. అర్థం యాదృచ్ఛికమే అయినా గుర్తు కచ్చితమైనది. జపాన్‌లో అనుభవజ్ఞులు ఆ ఒక్క అక్షరాన్ని చూసే ఏ ఎన్‌కోడింగు ఏదిగా పొరబడిందో చెప్పేస్తారు.

విండోస్‌లో ఈ సమస్య ఎక్కువగా పాత ప్రోగ్రాములతో వస్తుంది. యూనికోడ్ వాడని ప్రోగ్రాము తన బైట్లకు అర్థం చెప్పమని వ్యవస్థను అడిగితే, వ్యవస్థ తనకున్న ఒకే ఒక కోడ్ పేజీ ప్రకారం చెబుతుంది. జపనీస్‌కు 932, సరళీకృత చైనీస్‌కు 936, కొరియన్‌కు 949, సంప్రదాయ చైనీస్‌కు 950. ప్రాంతీయ సెట్టింగులలో "యూనికోడ్ వాడని ప్రోగ్రాముల భాష" అన్న ఎంపిక మార్చేది ఈ అంకెనే. దాన్ని జపనీస్‌కు మార్చి యంత్రాన్ని తిరిగి మొదలుపెడితే పాత జపనీస్ ప్రోగ్రాము కుదుటపడుతుంది, కాని అదే క్షణం నుంచి పాత కొరియన్ ప్రోగ్రాము చెడుతుంది, ఎందుకంటే ఈ మార్పు యంత్రం మొత్తానికీ వర్తిస్తుంది. ఒక్క ప్రోగ్రాముకు మాత్రమే వేరే కోడ్ పేజీని చూపించే చిన్న సాధనాలు ఉన్నాయి. ఇలాంటి అవసరం అప్పుడప్పుడూ వచ్చేవారికి అవే మేలు. 2018లో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుంచి అదే కిటికీలో యూటీఎఫ్-8ను వ్యవస్థ మొత్తానికి కోడ్ పేజీగా పెట్టే ప్రయోగాత్మక ఎంపిక కూడా ఉంది. చాలాచోట్ల దీన్ని సర్వరోగ నివారిణిలా సూచిస్తుంటారు, కాని ఆ సలహా సరైనది కాదు. షిఫ్ట్-జిస్ బైట్లు వస్తాయని నమ్మి రాసిన ప్రోగ్రాముకు యూటీఎఫ్-8 ఇస్తే అది మరింత చెడుతుందే తప్ప బాగుపడదు.

షిఫ్ట్-జిస్‌లోని మరో చిక్కు ప్రదర్శనను దాటి పనితీరు మీదే దెబ్బ తీస్తుంది. అందులో రెండు బైట్ల అక్షరానికి రెండో బైటుగా, మామూలు ఆంగ్ల చిహ్నాలకు కేటాయించిన విలువలు కూడా రావచ్చు. ఫోల్డర్ల పేర్లను విడదీసే వెనకవాలు గీతకు ఉన్న విలువ వాటిలో ఒకటి. "పట్టిక" అనే అర్థమున్న కాంజీ రెండో బైటు సరిగ్గా అదే. అందుకే రెండు బైట్ల అక్షరాల సంగతి తెలియని ప్రోగ్రాము, ఆ కాంజీ ఉన్న ఫోల్డరు పేరును మధ్యలో రెండుగా నరికి, అలాంటి ఫోల్డరే లేదని చెబుతుంది. జపనీస్ ఫాంటుల్లో ఆ వాలుగీత చోట యెన్ గుర్తు, కొరియన్ ఫాంటుల్లో వాన్ గుర్తు కనిపించడం కూడా ఆ కాలపు వారసత్వమే.

ఇక ప్రశ్నార్థకాలు. నాలుగు లక్షణాల్లో భయపడవలసినది దీనికే. యూనికోడ్ అక్షరాన్ని ఒక పాత కోడ్ పేజీలోకి మార్చమన్నప్పుడు అందులో ఆ అక్షరానికి చోటు లేకపోతే, మార్చే ప్రోగ్రాము దాని స్థానంలో నిజమైన ప్రశ్నార్థకాన్ని రాసేస్తుంది. ఆ తరువాత ఫైలులో ఉన్నది ప్రశ్నార్థకమే. ఎన్ని ఫాంటులు తెచ్చినా, ఎన్ని ఎన్‌కోడింగులు మార్చి చూసినా అసలు అక్షరం తిరిగి రాదు. నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం ఉన్న గుర్తు మరో రకం. చదివే ప్రోగ్రాము తనకు అర్థంకాని బైట్ల బదులు యూనికోడ్ కేటాయించిన ప్రత్యామ్నాయ చిహ్నాన్ని చూపిస్తోందని దాని అర్థం. అది కనిపించినంత మాత్రాన నష్టమేమీ జరగలేదు, కాని ఆ స్థితిలో ఫైలును భద్రపరిస్తే ఆ చిహ్నమే ఫైలులోకి చేరుతుంది. చైనాలో ఈ నష్టానికి ఒక ప్రసిద్ధ ముద్ర ఉంది. యూటీఎఫ్-8లో ఆ చిహ్నం మూడు బైట్లు. పక్కపక్కనే రెండు చిహ్నాలు ఉంటే ఆరు బైట్లు. వాటిని రెండు బైట్ల చైనీస్ పద్ధతి జీబీకేతో చదివితే కున్, జిన్, కావ్ అనే మూడు హాన్ అక్షరాలు వస్తాయి. పత్రంలో ఆ మూడు అక్షరాలు వరుసగా కనిపించాయంటే పాఠం ఒకసారి కాదు, రెండుసార్లు తప్పుగా చదవబడిందనీ, మొదటిసారే అసలు సమాచారం పోయిందనీ నిర్ధారించుకోవచ్చు.

అందువల్ల చెదిరిన పాఠం కనిపించగానే చేయవలసిన మొదటి పని ఏమిటంటే, భద్రపరచకుండా ఫైలును మూసివేయడం. ఆ తరువాత, ఎన్‌కోడింగును ఎంచుకుని తెరిచే వీలున్న ఎడిటరులో, మూలాన్ని బట్టి ఒక్కొక్క పద్ధతినీ ప్రయత్నించవచ్చు. కామాలతో విడదీసిన పట్టిక ఫైళ్లను ఎక్సెల్‌లో నేరుగా రెండు నొక్కులతో తెరిస్తే, ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 అని తెలిపే మూడు బైట్ల గుర్తు లేనప్పుడు, ప్రోగ్రాము దాన్ని పాత కోడ్ పేజీగానే భావిస్తుంది. అదే ఫైలును డేటా దిగుమతి మార్గంలో తెచ్చి ఎన్‌కోడింగును స్వయంగా చెబితే ఏ ఇబ్బందీ ఉండదు. ప్రోగ్రాముల ఊహ ఎంత బలహీనమో చెప్పడానికి చైనాలో తరచూ ఉదహరించే సంగతి ఒకటుంది. "అనుసంధానం" అనే అర్థమిచ్చే లియెన్‌తుంగ్ అనే రెండక్షరాల మాటను పాత నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి, భద్రపరచి, తిరిగి తెరిస్తే ఆ మాట కనిపించేది కాదు. జీబీకేలో ఆ మాటకున్న నాలుగు బైట్లు యూటీఎఫ్-8 బైట్ల అమరికను పోలి ఉండటంతో నోట్‌ప్యాడ్ పొరబడేది. ఫైలులో పాఠం ఎంత తక్కువగా ఉంటే ఊహ తప్పే అవకాశం అంత ఎక్కువ. 2019 నవీకరణ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లోనే రాస్తోంది. ఆ మార్పు ఎంతో ముందే రావలసింది.

జిప్ ఫైళ్లలోని పేర్లు చెదరడానికీ కారణం ఇదే. ఆ ప్రమాణం తొలిరూపం పేర్లకు ఐబీఎం పాత కోడ్ పేజీ 437ను మాత్రమే గుర్తించింది. యూటీఎఫ్-8 పేరని తెలిపే గుర్తు 2006లో చేరింది. ఆ గుర్తు లేకుండా జపనీస్ యంత్రంలో కట్టిన మూటను మరోచోట విప్పితే లోపలి ఫైళ్లు క్షేమంగానే ఉంటాయి, పేర్లు మాత్రం చెడతాయి. పేర్ల ఎన్‌కోడింగును అడిగి విప్పే సాధనం వాడటమే దీనికి మార్గం.

హంగుల్‌కు ప్రత్యేకమైన ఇక్కట్టు ఒకటి ఈ నాలుగు లక్షణాల్లో దేనిలోనూ ఇమడదు. హంగుల్ ప్రాథమికంగా ధ్వనుల లిపి. హల్లు, అచ్చు, అవసరమైతే కింద మరో హల్లు ఒకే చదరంలో ఒదిగి ఒక అక్షరం అవుతుంది. ఆధునిక కొరియన్‌లో అలా ఏర్పడగల 11,172 అక్షరాలకూ 1996 నాటి యూనికోడ్ 2.0 విడివిడిగా సంకేతాలు ఇచ్చింది. అదే సమయంలో, ఆ అక్షరాన్ని దాని భాగాల వరుసగా రాసే పద్ధతినీ అంగీకరించింది. ఈ రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది, కాని అన్ని ప్రోగ్రాములూ అలా చూడవు. ఆపిల్ వారి పాత ఫైలు వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైళ్ల పేర్లను విడదీసిన రూపంలో దాచేది. ఆ పేర్లు అలాగే విండోస్‌కు చేరినప్పుడు, ఒక చదరంలో ఉండవలసిన అచ్చులూ హల్లులూ విడివిడిగా పక్కపక్కన నిలబడతాయి. మాక్ వాడేవారు పంపిన జతపరుపు పేరు ఇలా ముక్కలై రావడం కొరియాలో కార్యాలయాలన్నిటికీ పరిచయమైన చిరాకు. ఇక్కడ ఫాంటు మార్చినా, కోడ్ పేజీ మార్చినా ఫలితం ఉండదు. పేర్లను కలిపిన రూపంలోకి మార్చడమే, అంటే సాధారణీకరణమే, సరైన పరిష్కారం.

చివరి మజిలీలో వచ్చే తేడా సాంకేతికంగా అన్నిటికన్నా చిన్నది, సాంస్కృతికంగా అన్నిటికన్నా పెద్దది. 1992లో యూనికోడ్ 20,902 హాన్ అక్షరాలను చేర్చినప్పుడు, చైనా, జపాన్, కొరియా, తైవాన్‌లలో చారిత్రకంగా ఒకటే అయిన అక్షరాలకు ఒకే సంకేతాన్ని కేటాయించింది. దీన్నే హాన్ ఏకీకరణ అంటారు. అర్థం ఒకటే, పుట్టుక ఒకటే, కాని రాత అలవాట్లు శతాబ్దాలుగా వేరుపడ్డాయి. "ఎముక" అనే అక్షరం పైభాగంలోని చిన్న మూల, చైనా ప్రధాన భూభాగపు రూపంలో ఎడమవైపు ఉంటే, జపాన్ రూపంలో కుడివైపు ఉంటుంది. "నిటారు" అనే అక్షరం జపాన్‌లో ఒకలా, చైనాలో మరోలా ఉంటుంది. రెండు రూపాలను పక్కపక్కన పెడితే ఒకే అక్షరమని కొత్తవారు గుర్తించలేకపోవచ్చు. సంకేతం ఒకటే కాబట్టి, ఏ రూపం గీయాలో సాదా పాఠం చెప్పలేదు. ఆ సమాచారం పాఠం బయటి నుంచి రావాలి. అది అందనప్పుడు వ్యవస్థ తనకు తోచిన ఫాంటును వాడుతుంది. చైనీస్ నేర్చుకునే విద్యార్థి జపాన్ రూపాన్ని చూసి అదే సరైనదని నోటు పుస్తకంలో రాసుకుంటే తప్పు అతనిది కాదు. ఏకీకరణ తప్పుడు నిర్ణయమని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఏకీకరణను సమర్థించవచ్చు, కాని భాష ఏదో తెలిపే బాధ్యతను సాఫ్ట్‌వేరుకు వదిలిన నిర్ణయమది. ఆ బాధ్యతను చాలా సాఫ్ట్‌వేర్లు నేటికీ తీసుకోలేదన్నది మాత్రం నిజం.

వాడేవారి చేతిలో ఉన్న ఉపాయాలు వ్యవస్థను బట్టి మారతాయి. మాక్‌లో ఇష్టభాషల జాబితా వరుసే ఫాంటుల వరుసను నిర్ణయిస్తుంది. అందులో చైనీస్‌ను జపనీస్ కన్నా పైకి తెస్తే చాలావరకు సరిపోతుంది. లినక్సులో ఫాంట్‌కాన్ఫిగ్ అనే భాగం ఈ ఎంపిక చేస్తుంది. ఉమ్మడి నోటో ఫాంటులో జపాన్ రూపాలు ముందు ఎంపికయ్యే సందర్భాలు ఎక్కువ కాబట్టి, చైనీస్ చదివేవారు తమ ఫాంటును ముందుంచే చిన్న సెట్టింగు ఫైలు రాసుకోవాలి. లిబ్రేఆఫీస్, వర్డ్ వంటి ప్రోగ్రాముల్లో ఆసియా పాఠానికి ఫాంటు విడిగా ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో భాషల సెట్టింగులలో ఆసియా భాషల మద్దతును ఎంచుకోనంతవరకూ ఆ ఎంపికే కనిపించకపోవచ్చు. లాటిన్ ఫాంటును ఎన్నిసార్లు మార్చినా కాంజీల రూపం ఎందుకు మారడం లేదని తల పట్టుకునేవారికి జవాబు ఇదే. పీడీఎఫ్‌లో ఫాంటును పొదిగి పంపితే ఈ గొడవేదీ ఉండదు. పొదగని ఫైలును చూడాలంటే ఆసియా భాషల సహాయక ఫైళ్లు కావాలి. పీడీఎఫ్‌లను తెరమీద గీసే పాప్లర్ అనే సాఫ్ట్‌వేరు ఆధారంగా నడిచే లినక్సు ప్రోగ్రాములకు అవి విడి ప్యాకేజీగా వస్తాయి.

ఒకే దేశంలో కూడా రూపం మారుతుంది. జపాన్ 2004లో తన ప్రమాణంలోని 168 కాంజీల నమూనా రూపాలను సవరించింది. 2007లో విండోస్ విస్టా ఆ కొత్త రూపాలను తన ఫాంటులలోకి తెచ్చింది. దానితో, ఒక్క బైటు కూడా మారని పత్రం పాత యంత్రంలో ఒకలా, కొత్త యంత్రంలో మరోలా కనిపించసాగింది. టోక్యోలోని కత్సుషికా వార్డు, నారా ప్రాంతంలోని కత్సురాగి నగరం తమ పేర్లలో ఒకే సంకేతమున్న కాంజీకి చెరొక రూపాన్ని అధికారికంగా వాడతాయి. ఇలాంటి పేర్ల కోసం, అక్షరం తరువాత, కంటికి కనిపించని ఎంపిక సంకేతాన్ని చేర్చే పద్ధతిని యూనికోడ్ కల్పించింది. దాన్ని ఎరగని ప్రోగ్రాము ఆ అదృశ్య సంకేతాన్ని కూడా ఒక పెట్టెగా చూపిస్తుంది. పేరు ఒక మనిషి గుర్తింపు, అందులో గీత తేడా వస్తే ప్రభుత్వ పత్రం చెల్లకపోవచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చిన జీబీ 18030 అనే తన అక్షర ప్రమాణపు కొత్త రూపంలో చైనా అరుదైన అక్షరాలకు మద్దతును పెంచినదీ మనుషుల, ఊళ్ల పేర్ల కోసమే.

సాఫ్ట్‌వేరు రాసేవారు ఈ సంగతులను పరీక్షించడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. "ఎముక" అక్షరాన్ని చైనీస్, జపనీస్ అమరికలలో విడివిడిగా తెరచి రూపం మారుతోందో లేదో చూడవచ్చు. విడదీసిన హంగుల్ పేరుతో ఒక ఫైలును, "పట్టిక" కాంజీ ఉన్న ఫోల్డరులో ఉంచి తెరవమనవచ్చు. "శుభం" అనే అర్థమున్న యోషి కాంజీకి జపాన్ ఇంటిపేర్లలో వాడే ఒక వైవిధ్యం ఉంది. మామూలు రూపంలో పై గీత పొడవు, ఇందులో కింది గీత పొడవు. 2001లో యూనికోడ్‌లో చేరిన ఈ అక్షరానికి యూటీఎఫ్-16లో, అంటే యూనికోడ్ అక్షరాలను పదహారేసి బిట్ల భాగాలుగా రాసే పద్ధతిలో, రెండు భాగాలు కావాలి. దాన్ని టైపు చేసి, వెనక్కి చెరిపే మీటను ఒక్కసారి నొక్కినప్పుడు అక్షరం మొత్తం పోకుండా సగం తెగి ఒక పెట్టె మిగిలిందంటే, ఆ ప్రోగ్రాము ఇంకా అక్షరాలను కాక పదహారేసి బిట్లను లెక్కపెడుతోందని అర్థం.